ఎర ఎవరికి?

2024లో కామెడీ వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రఫీ అవార్డ్స్‌లో మొదటి బహుమతి ఒక ఉడతకి వచ్చింది. ఉడతకి కాదు లెండి, దాన్ని ఫొటో తీసిన ఇటలీ ఫొటోగ్రాఫర్ మిల్కో మార్కెట్టికి. మీలో చాలామంది చూసే ఉంటారు: చెట్టు తొర్రలోకి సగం దూరి, వెనక కాళ్ళు రెండూ గాల్లో చాపిన ఎర్ర ఉడత. ఫొటో పేరు ‘స్టక్ స్క్విరెల్’, ఇరుక్కుపోయిన ఉడత. నిజానికి అదెక్కడా ఇరుక్కోలేదు. తన తొర్రలోకి తను దూరుతోంది, అంతే. కాళ్ళు చెట్టుని వదిలిన ఒకే ఒక్క క్షణం కెమెరాకి దొరికింది. దానికి ముందు క్షణంలో గానీ తర్వాతి క్షణంలో గానీ నవ్వాల్సిన విషయమేమీ లేదు.

ఈ అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదు. ఆ పేరు సరదాకి పెట్టిందని చూసేవాళ్ళకీ తెలుసు. కాకపోతే నన్ను ఒక ప్రశ్న మాత్రం పట్టుకుంది. ఫొటో మనకి చెప్పేదానికీ, ఆ ఫొటో తీసేటప్పుడు నిజంగా జరిగినదానికీ మధ్య ఎంత దూరం ఉండొచ్చు? ఎక్కడివరకూ అది సరదా, ఎక్కడినుంచి మోసం? పులులూ ఏనుగుల దగ్గర ఈ ప్రశ్న వేస్తే అందరూ సీరియస్‌గా వింటారు. ఉడత దగ్గర వేస్తే నవ్వుతారు. అందుకే ఉడత దగ్గరే వేసి చూద్దామనిపించింది.

నేను ఇంగ్లండ్ వాయవ్యంలో ఉంటాను. వారమంతా కోడ్ రాసి, శని ఆదివారాలు కెమెరా భుజాన వేసుకుని తిరిగే బాపతు. ఇక్కడివాళ్ళు వుడ్‌లాండ్ అనేదానికి తెలుగులో అతికే మాట కోసం చాలాసార్లు వెతుక్కున్నాను. అడవి అంటే మరీ పెద్దదైపోతుంది, కాస్త భయం కూడా కలుస్తుంది. తోపు అంటే ఎవరో నాటిన మామిడో సరుగుడో గుర్తొస్తుంది. చిట్టడవి అంటే కొంత దగ్గర. మధ్యలో నడవడానికి దారి, దారి పక్కన బెంచీ, కుక్కల్ని తిప్పుకునే మనుషులు, పైన పైన్ చెట్లు. ఆ చెట్ల మీద, అదృష్టం ఉంటే, ఎర్ర ఉడత. మన ఉడతలా వీపు మీద చారలుండవు. ఒళ్ళంతా ఇటుక రంగు, చలికాలంలో చెవుల మీద కుచ్చుల్లాంటి వెంట్రుకలు, బరువు 300 గ్రాములకి అటూ ఇటూ.

ఊరికే నడుస్తూ దాన్ని ఫొటో తీయాలంటే ఏం దొరుకుతుందో నాకు బాగా తెలుసు. ఎక్కడో పైన, కొమ్మల వెనక, ఒక తోక కొస. అందుకని హైడ్‌లు పెట్టారు. హైడ్ అంటే సన్నటి కిటికీ ఉన్న చెక్కగది. పూటకింత అని అద్దె. ఎదురుగా నాచు పట్టిన దుంగ ఒకటి ఉంటుంది. దుంగకి వెనకవైపు, కెమెరాకి కనపడనిచోట, డ్రిల్లుతో తొలిచిన గుంట, అందులో హేజెల్‌నట్స్. నీళ్ళలో ప్రతిబింబం కావాలంటే నల్లటి షీటు పరిచిన లోతులేని తొట్టి, దాని గట్టు మీద మరో గింజ. గాల్లో ఎగిరే ఉడత కావాలంటే రెండు కొమ్మలు ఎదురెదురుగా పాతి, ఒకదాని మీదే గింజలు పెడతారు. ఉడతకి అలవాటయ్యాక ఆ కొమ్మల మధ్య దూరం కొంచెం కొంచెంగా పెంచుతారు. ఫోకస్ ముందే సరిచేసుకుని, షట్టర్ స్పీడ్ 1/2000 దగ్గర పెట్టుకుని కూర్చుంటే సరిపోతుంది. వెనకాల ఆకుపచ్చ మసక ఎంత మెత్తగా రావాలో కూడా దుంగని పాతిన రోజే ఎవరో ఆలోచించి పెట్టారు.

ఇంత ఏర్పాటు తర్వాత వచ్చే ఫొటోలో అన్నీ ఉంటాయి, ఆ ఏర్పాటు తప్ప.

మా ఆఫీసులో ఒక గుంటూరు మిత్రుడున్నాడు. ఈ గొడవంతా చెబితే తేల్చిపారేశాడు. “ఒరేయ్, నువ్వు గింజ పెట్టావ్. అది తింది. దాని కడుపు నిండింది, నీకు ఫొటో వచ్చింది. మధ్యలో నీతిశాస్త్రం దేనికిరా?”

ఇది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. వన్యప్రాణుల ఫొటోల్లో అసలు మోసాలు ఎలా ఉంటాయో చూస్తే వాడి మాటకి ఇంకా బలం వస్తుంది. లండన్‌లో ఇచ్చే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ బహుమతి 2009లో గేటు మీంచి దూకుతున్న తోడేలు ఫొటోకి వచ్చింది. అది అడవి తోడేలు కాదు, మనుషుల దగ్గర పెరిగిందై ఉంటుందని తేల్చి 2010లో ఆ బహుమతి వెనక్కి తీసుకున్నారు. అదే పోటీలో 2017లో ఒక విభాగంలో గెలిచిన ఫొటోలో, రాత్రిపూట చెదలపుట్ట దగ్గరికొచ్చిన యాంట్‌ఈటర్ ఉంది. అది గడ్డి కూరిన బొమ్మ అయ్యుండే అవకాశమే ఎక్కువని నిపుణులు చెప్పడంతో 2018లో దాన్నీ తీసేశారు. ఫొటోగ్రాఫర్లు ఇద్దరూ ఆ ఆరోపణల్ని ఒప్పుకోలేదు. ఆ కథలు అలా ఉండగా, హైడ్ ముందుకొచ్చే ఉడత పెంపుడుదీ కాదు, బొమ్మా కాదు. తన కాళ్ళతో తను వస్తుంది. నచ్చకపోతే రాదు. వచ్చి, గింజ తీసుకుని, ఎక్కడో పాతిపెట్టుకుని మళ్ళీ వస్తుంది. దానికేం అన్యాయం జరిగింది?

దీన్ని తేల్చుకోవడానికి నాకు పనికొచ్చింది మన భాషే. జంతువుకి మనిషి పెట్టే తిండికి తెలుగులో ఒక్క మాట లేదు. మేత ఉంది, ఎర ఉంది. గొడ్డుకి వేసేది మేత, గాలానికి గుచ్చేది ఎర. వానపామునే చెరువులో ఊరికే పడేస్తే చేపకి అది మేత. కొక్కేనికి గుచ్చి పడేస్తే ఎర. అంటే తేడా తిండిలో లేదు, దాని వెనక దాచిన కొక్కెంలో ఉంది. గోదావరి జిల్లాల్లో కోతలయ్యాక వరికంకుల్ని కుచ్చుగా అల్లి ఇంటి చూరుకో గుడి మండపానికో వేలాడదీస్తారు. పిచ్చుకలు వచ్చి తింటాయి. ఆ కుచ్చు అందరికీ కనిపించేలాగే ఉంటుంది. ఇంటికి అందం కూడా అదే. పిచ్చుక వస్తే సంతోషం, రాకపోతే కుచ్చు అలాగే ఉంటుంది. దాని వెనక దాచిందేమీ లేదు.

మరి దుంగ వెనకాల గుంటలోని హేజెల్‌నట్ మేతా, ఎరా? ఉడత వైపు నుంచి చూస్తే మేతే. దానికి ఏ కొక్కెమూ గుచ్చుకోదు. గింజ ఎక్కడుందో అందరికంటే దానికే బాగా తెలుసు. గింజ కనపడనిది ఉడతకి కాదు, ఫొటో చూసేవాళ్ళకి. వాళ్ళ కోసమే గుంట వెనకవైపు తొలిచారు. ‘అడవిలో స్వేచ్ఛగా ఉన్న ప్రాణి, మనిషి వాసన తగలని క్షణం’ అనే కల ఒకటి మనందరిలో ఉంది. ఆ కలకి తగ్గట్టుగా ఆ గుంట ఉంది. అలా చూస్తే అది ఎర ఉడతకి కాదు, మనకి. నా మిత్రుడి లెక్కలో ఇద్దరే ఉన్నారు, ఫొటోగ్రాఫరూ ఉడతా. మూడోవాడు, అంటే చూసేవాడు, లెక్కలోకి రాలేదు.

ఇంజినీరుగా నాకు ఇందులో ఇంకో వింత కనిపిస్తుంది. డిజిటల్ ఫొటో ఫైల్లో ఎగ్జిఫ్ అని ఒక వివరాల పట్టీ దాగి ఉంటుంది. కెమెరా ఏది, లెన్స్ ఏది, షట్టర్ ఎంత, ఐఎస్‌ఓ ఎంత, ఏ రోజు, ఏ గంట, ఏ నిమిషం, అన్నీ అందులో వాటంతటవే రాసుకుంటాయి. జీపీఎస్ ఉంటే అక్షాంశం రేఖాంశం కూడా. యంత్రం గురించి ఇంత నిజాయితీగా ఉన్న ఆ పట్టీలో గింజకి మాత్రం ఫీల్డు లేదు. ఉండదు కూడా. ఎందుకంటే ఆ విషయం కెమెరాకి తెలియదు, దాన్ని పట్టుకున్న మనిషికే తెలుసు. ఆ ఒక్కటీ మనిషే చెప్పాలి.

పాతకాలం వాళ్ళు ఈ విషయంలో మనకంటే దాపరికం లేకుండా ఉన్నారేమో అనిపిస్తుంది. లండన్ నేషనల్ గ్యాలరీలో హాన్స్ హోల్బైన్ వేసిన పటం ఒకటుంది, సుమారు 1526-28 నాటిది. తెల్లటి టోపీ పెట్టుకున్న ఒకావిడ, భుజం దగ్గర ఒక గోరింక జాతి పిట్ట, ఒళ్ళో ఎర్ర ఉడత. ఉడత గింజ కొరుకుతోంది. దానికి సన్నటి గొలుసు కట్టి ఉంది. హోల్బైన్ గింజనీ దాచలేదు, గొలుసునీ దాచలేదు. ఈ ప్రాణి ఈమె దగ్గర ఎందుకుందో, దేనివల్ల కదలకుండా ఉందో పటమే చెప్పేస్తోంది. ఆ గొలుసు చూస్తే మనకి ఇబ్బందిగా ఉంటుంది, ఉండాలి కూడా. మనం గొలుసు తీసేశాం, అది నిజంగా మంచి పనే. కానీ దాంతోపాటు గింజని కూడా పటంలోంచి తీసేశాం. ఇక మనకీ ఆ ఉడతకీ మధ్య ఏ సంబంధమూ లేనట్టే కనిపిస్తుంది.

ఇక్కడితో ఆపితే ఇది ఫొటో కింద వ్యాఖ్య ఎలా రాయాలన్న చిన్న గొడవగా మిగిలిపోతుంది. అంతకంటే పెద్దది ఒకటుంది. ఆ ఫ్రేమ్ బయట ఉన్నది గింజ ఒక్కటే కాదు.

బ్రిటన్‌లో ఎర్ర ఉడత ఇక్కడి సొంత జీవి. బూడిదరంగు గ్రే ఉడత అమెరికాది. 1876లో చెషైర్‌లోని హెన్‌బరీ పార్కులో ఒక జంటని వదిలారు, తోటలో అందంగా ఉంటాయని. తర్వాత ఇంకెందరో అలాగే వదిలారు. వాటిలో ఎక్కువ పేరుకెక్కింది వోబర్న్ ఎస్టేట్. అక్కడి డ్యూక్ ఆఫ్ బెడ్‌ఫర్డ్ వాటిని తన తోటలో పెంచడమే కాక బహుమతులుగా కూడా పంచాడు. అంటే ఈ కథ మొదలైందే ఉడత చూడముచ్చటగా ఉంటుందన్న కోరిక దగ్గర. గ్రే ఉడత దాదాపు రెట్టింపు బరువుంటుంది, ఓక్ కాయల్ని ఎర్రదానికంటే బాగా అరిగించుకుంటుంది. పైగా స్క్విరెల్‌పాక్స్ అనే వైరస్‌ని మోస్తుంది. దానికి ఆ వైరస్‌తో పెద్దగా ఏమీ కాదు. ఎర్రదానికి సోకితే కళ్ళచుట్టూ, మూతి దగ్గర, పాదాల మీద పుండ్లు పడి, తిండి తినలేక సాధారణంగా రెండు మూడు వారాల్లోపే చచ్చిపోతుంది. ఇప్పుడు ఈ దేశంలో గ్రే ఉడతలు పాతిక లక్షల పైమాటే, ఎర్రవి మూడు లక్షలలోపు అని అంచనా. ఆ ఎర్రవాటిలోనూ ఎక్కువ భాగం స్కాట్‌లండ్‌లోనే ఉన్నాయి.

లివర్‌పూల్‌కి ఉత్తరాన సముద్రపు ఒడ్డున ఫార్మ్‌బీ అని ఒక ఊరుంది. అక్కడ ఇసుకదిబ్బల మీద నాటిన పైన్ చెట్లలో ఎర్ర ఉడతలున్నాయి. ఇంగ్లండ్‌లో వాటిని చూడటానికి జనం ఎక్కువగా వెళ్ళే చోట్లలో అదొకటి. 2008లో పాక్స్ వచ్చి అక్కడి ఉడతల్లో చాలా భాగం పోయాయి. మిగిలినవి మెల్లగా పుంజుకున్నాయి. అవి నిలవడానికి చుట్టుపక్కల గ్రే ఉడతల్ని అదుపులో పెట్టడం ఒక కారణం. అదుపులో పెట్టడం అన్నది కాగితం మీద రాసే మాట. చేసే పని ఏమిటంటే బోను పెట్టి పట్టుకోవడం, తల మీద దెబ్బతోనో తుపాకీతోనో చంపడం. బోనులో పడ్డ గ్రే ఉడతని మళ్ళీ వదిలేయడం ఇక్కడ చట్టవిరుద్ధం. ఎర్రదాన్ని చంపడం 1981 చట్టం ప్రకారం నేరం. ఆ బోనులో గ్రే ఉడత కోసం పెట్టేది కూడా గింజలే. ఆ గింజ మాత్రం అచ్చంగా ఎర.

తత్వవేత్తల దగ్గరికి వెళ్తే ఇద్దరు చెరోవైపు లాగుతారు. 1949లో వచ్చిన తన పుస్తకంలో ఆల్డో లియోపోల్డ్ చెప్పినదాని సారం ఇది: ఒక పని మంచిదా కాదా అనేది ఆ నేలా, చెట్లూ, ప్రాణులూ అన్నీ కలిసిన సమూహానికి మేలు జరిగిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కన ఎర్ర ఉడత జాతి నిలవడం కోసం గ్రే ఉడతల్ని చంపొచ్చు. 1983లో టామ్ రీగన్ దీనికి గట్టిగా అడ్డు చెప్పాడు. జాతికి నొప్పి ఉండదు, నొప్పి ఒక్కొక్క ప్రాణిది. సమూహం పేరుతో ఒక్కొక్కదాన్ని బలిపెట్టడాన్ని ఆయన పర్యావరణ ఫాసిజం అన్నాడు. బోనులో ఉన్న గ్రే ఉడత ఏ దేశం మీదికీ దండెత్తలేదు. దాని ముత్తాతల్ని ఎవరో పెట్టెలో తెచ్చారు, అది ఇక్కడ పుట్టింది. ఇది పరాయిది అనే మాట, వేరే దేశంలో బతుకుతున్న నాలాంటివాడి చెవిలో ఇంకోలా కూడా మోగుతుంది. మనిషికీ ఉడతకీ పోలిక తేవడం సులువే కానీ సరైంది కాదని తెలిసినా మోగుతుంది. ఆస్ట్రేలియాలో పెర్త్ చుట్టుపక్కల ఇంకో ఉడత ఉంది. మన ఇళ్ళ ముందు తిరిగే మూడు చారల ఉడతకి దగ్గరి చుట్టం, ఉత్తర భారతంలో ఉండే ఐదు చారల ఉడత. 1898లో అక్కడి జూ నుంచి బయటపడింది. అక్కడ అది పీడ. ఏ ఉడతైనా తనంతట తను పీడ కాదు. మనం తీసుకెళ్ళి వదిలినచోట అవుతుంది.

నా మాట నేను చెప్పాలి కాబట్టి చెబుతాను. ఫార్మ్‌బీ లాంటిచోట గ్రే ఉడతల్ని అదుపు చేయడం సరైనదే అనుకుంటాను. ఊరుకోవడం కూడా ఒక పనే. ఊరుకుంటే ఎర్ర ఉడతలు పుండ్లతో, ఆకలితో పోతాయి, ఆ చావుకి కూడా మనుషులే కారణం. ఐర్లండ్‌లో పైన్ మార్టిన్ అనే వేటజంతువు తిరిగొచ్చినచోట గ్రే ఉడతలు తగ్గి ఎర్రవి పెరిగాయి. అన్నిచోట్లా అలా జరిగితే మనిషి బోను పక్కన పెట్టేయొచ్చు. అప్పటిదాకా పెట్టాల్సిందే. కానీ సరైనదే అన్నంత మాత్రాన అది నెత్తురు లేని పని అయిపోదు. చంపేవాళ్ళకి ఆ సంగతి తెలుసు. తెల్లవారుజామున బోనులు చూసుకుని, పాక్స్ పాకకుండా తిండిపెట్టెల్ని మందునీళ్ళతో కడిగి, లెక్కలు రాసుకునేది ఎక్కువగా ఊళ్ళలోని వాలంటీర్లే. ఆ సంగతి తెలియకుండా ఉండే సౌకర్యం ఒక్కరికే ఉంది. ఎర్ర ఉడత ఫొటో చూసి ‘ఎంత ముద్దుగా ఉందో’ అనుకుని వేలితో పైకి తోసేసే మనకి. ఆ సౌకర్యాన్ని మనకి తయారుచేసి పెడుతున్నది ఫొటోగ్రాఫర్.

అందుకే గింజని దాచడం చిన్న విషయం కాదంటున్నాను. ‘ఇది తనంతట తానే ఇక్కడుంది’ అని చెప్పే ఫొటో, దాన్ని అక్కడ ఉంచుతున్న పనినంతటినీ చెరిపేస్తుంది. కడిగిన పెట్టెలూ, పెట్టిన బోనులూ, చచ్చిపోయిన ఇంకో ఉడతా ఒకేసారి చెరిగిపోతాయి. చూసేవాడు ఏం నేర్చుకుంటాడు? అడవి దానంతట అదే బాగుంటుంది, మనం మురిసిపోతే చాలు అని. లేదా జేబులో వేరుశెనగలు పోసుకుని తనూ వెళ్తాడు. ఉడతలన్నీ ఒకేచోట మూతులు పెట్టి తినే దగ్గరే వైరస్ పాకుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు కదా.

మనకి ఉడత అనగానే వారధి కథ గుర్తొస్తుంది. వాల్మీకిలో లేదంటారు గానీ మన రంగనాథ రామాయణంలో ఉంది. ఉడతాభక్తి అనే మాట దాన్నుంచే మన నోళ్ళలో నిలిచింది. మనం ఎప్పుడూ ఆ కథలో ఉడత చేసిన చిన్న సాయం గురించే మాట్లాడతాం. నాకు ఈ మధ్య రాముడు చేసింది ఎక్కువగా గుర్తొస్తోంది. ఆయన ముచ్చటపడి వీపు నిమిరాడు, వేళ్ళ గుర్తులు పడ్డాయి, ఇప్పటికీ పోలేదు. దేవుడు ప్రేమగా తాకినా సరే ఆ ప్రాణి మీద గుర్తు పడుతుందని ఆ కథ కట్టినవాళ్ళకి తెలుసు. వాళ్ళు ఆ చారల్ని దాచలేదు, అందరికీ కనపడేలా వీపు మీదే పెట్టారు.

ఇక్కడి ఉడతల వీపు మీద చారలుండవు. కనక మన చేయి పడిన గుర్తు ఇంకెక్కడైనా రాసి ఉండాలి. అందుకు మిగిలింది ఫొటో కిందున్న రెండు లైన్ల చోటే. ఇప్పుడు నేను ‘హైడ్ నుంచి, గింజలు పెట్టి తీసినది. ఈ చిట్టడవిలో ఎర్ర ఉడతల కోసం గ్రే ఉడతల్ని చంపుతారు’ అని రాస్తున్నాను. మిత్రుడు చూసి, “లైకులు కావాలా, పాపపరిహారం కావాలా?” అన్నాడు. ఆ ప్రశ్న నాకు నచ్చింది. లైకులు తగ్గిన మాట నిజం. ఒకరిద్దరు మాత్రం కింద వాదన మొదలుపెట్టారు, చంపడం ఎందుకు, వేరే దారి లేదా అని. ముద్దుగా ఉందన్నవాళ్ళకంటే వాళ్ళే ఆ ఉడతని ఎక్కువసేపు చూశారనుకుంటాను.

ఇంకో పని కూడా పెట్టుకున్నాను. మా వీధి చివరి పార్కులో గ్రే ఉడతలు బోలెడు. హైడ్ అక్కర్లేదు, దుంగ అక్కర్లేదు, మనుషులకి అలవాటుపడి ఏడెనిమిది అడుగుల దూరంలో కూర్చుని గింజ పగలగొట్టుకుంటాయి. ఇక్కడ ఫొటోగ్రాఫర్లెవరూ వాటివైపు లెన్స్ తిప్పరు. నేను ఎర్రదానికి పెట్టే లెన్సే పెట్టి, అంతే ఓపిగ్గా, కంట్లో వెలుగు పడేదాకా ఆగి తీస్తున్నాను. అదుపు సరైనదే అన్నవాణ్ణి కాబట్టి, ఎవరి చావుకి సరే అన్నానో దాని ముఖం నాకు తెలిసుండాలి కదా.